‘కల్తీ విత్తనాలు’ వెంట పల్నాడులో నాలుగు రోజులు

పల్నాడు నుంచి వచ్చి పదిహేను రోజులైంది. మా వీధిలో కనిపించినవాళ్ళంతా ఒకటే అడుగుతున్నారు. “కోటప్పకొండ ఎక్కారా అండీ? ఎత్తిపోతల చూశారా అండీ?” రెండూ చూడలేదు. నేను చూసింది ఒక ట్రాక్టరు షెడ్డు, ఒక మిరప కళ్ళం, ఒక కల్యాణ మండపం. అక్కడ విన్న మోత మాత్రం ఈ అరవై ఒక్కేళ్ళలో ఎక్కడా వినలేదు.

అమలాపురంలో నేను గాత్రం నేర్పుతాను. భానుమతి ఎనిమిదో ఏట నా దగ్గర చేరింది. వాళ్ళ నాన్నది బ్యాంకు ఉద్యోగం. ఆరేళ్ళ తర్వాత బదిలీ అయి సొంత ఊరు నరసరావుపేట వెళ్ళిపోయారు. అప్పటికి పిల్ల వర్ణాల దాకా వచ్చింది. గమకం పలికితే వీధిలో నడిచేవాళ్ళు ఆగేవారు. తర్వాత లెక్కల టీచరైందని విన్నాను. ఆ తర్వాత ఒకరోజు ఎవరో ఫోనులో వీడియో చూపించారు. మెడలో గిటారు, కంఠనరాలు ఉబ్బిపోయి ఉన్నాయి, నోరు తెరిచి అరుస్తోంది. “మీ శిష్యురాలేనటండీ!” అన్నారు. ఫోను తిరిగి ఇచ్చేశాను. 

ఈ ఫిబ్రవరిలో ఆ పిల్ల దగ్గర్నుంచి మెసేజీ వచ్చింది. “టీచరుగారూ, గొంతు పోతోంది. స్వరతంత్రుల మీద చిన్న కాయలున్నాయని డాక్టరు చెప్పారు. ఇలాగే పాడితే మాట కూడా మిగలదట. కానీ నెలాఖరులో రెండుచోట్ల పాడతానని ఒప్పుకున్నాను. ఒక్కసారి రాగలరా?”

పాడటం మానేయమని ఎదురుగా నిలబడి చెబుదామని బయల్దేరాను. ఫోనులో చెబితే వినే రకం కాదు.

నరసరావుపేట

వినుకొండ రోడ్డు పక్కన ట్రాక్టర్లు బాగుచేసే రేకుల షెడ్డు అది. ముందు భాగంలో ఇంజను ఊడదీసిన రెండు ట్రాక్టర్లు, వెనక డ్రమ్ములు. షెడ్డు యజమాని కోటేశ్వరరావు. అందరికీ కోటన్న. నలభై అయిదేళ్ళుంటాయి, మోచేతుల దాకా గ్రీజు. పగలు రెంచీలు, సాయంత్రం డ్రమ్ము కర్రలు. మూడో మనిషి నాగూర్ వలి, చిలకలూరిపేటలో పత్తి మిల్లు ఎలక్ట్రీషియను. లావు తీగల గిటారు అతనిది. బ్యాండు వాడే స్పీకర్లన్నీ పాత సామానుతో అతను చేసుకున్నవే.

భాను నా కాళ్ళకు దండం పెట్టింది. మాట చూస్తే బొంగురు, రాతి మీద చీపురు గీసినట్టుంది. 

“కూచో టీచరమ్మా,” అని కోటన్న ఒక టైరు మీద గోనెపట్టా వేశాడు. మా వైపు కొత్తవాళ్ళతో పది ‘అండీ’లు అయ్యాక గానీ అసలు మాట రాదు. ఇక్కడ మొదటి మాటే అసలు మాట. నా చేతిలో రెండు దూది ఉండలు పెట్టి, “చెవుల్లో పెట్టుకో. నాగూర్ మిల్లు నుంచి తెచ్చాడు, చానా మంచి పత్తి,” అన్నాడు.

అతను కర్రలతో నాలుగు దెబ్బలు వేశాడు. షెడ్డు రేకులు వణికాయి. దూది పెట్టుకున్నా పళ్ళు జిల్లుమన్నాయి. రెండో పాటకు నా ప్రమేయం లేకుండానే ఒక చెవిలో దూది తీసేశాను. వీడియోలో నేను మోత విన్నానే గాని మాటలు వినలేదు. ఇప్పుడు వినపడ్డాయి.

*సంచి మీద బొమ్మ చూస్తే చెట్టు నిండా కాయలే*
*చేలోకెళ్ళి చూసుకుంటే గట్టు నిండా మాయలే*

ఏడేళ్ళ కిందట కోటన్న మూడెకరాల్లో వేసిన మిరప మొలవలేదు. కొన్నచోట అడిగితే, “నీ నేలలోనే ఏదో ఉంది,” అన్నారట. ఆ కోపంతో వచ్చి షెడ్డులో రేకు డబ్బాల మీద వాయిస్తుంటే, స్కూటరు బాగు చేయించుకోవడానికి వచ్చిన భాను ఆ దరువుకు ఈ రెండు పాదాలూ కట్టింది. అదే మొదటి పాట. దాని పేరే బ్యాండుకు పెట్టుకున్నారు: కల్తీ విత్తనాలు. మొదటిసారి వాయించింది వినాయక చవితికి, ట్రాక్టరు ట్రాలీ మీద. సగం మంది నవ్వారు, సగం మంది వినాయకుడి వెనక్కు పోయారట. తర్వాత ర్యాంకుల హోర్డింగుల మీద ఒక పాట వచ్చింది. దానితో భాను లెక్కల ఉద్యోగం పోయింది. ఇప్పుడు ఇంట్లోనే ట్యూషన్లు చెబుతోంది.

రిహార్సలు ముగిశాక, వచ్చిన పని చెప్పాను. “ఆపెయ్యవే తల్లీ. గొంతు మళ్ళీ రాదు.”

భాను తల దించుకుంది. “డాక్టరు చెప్పినట్టే మానేస్తా టీచరుగారూ. ఈ రెండూ అయినాక.”

“ఈ రెండింటికి ఏముందే అంత?”

జవాబు నాగూర్ చెప్పాడు. రెండేళ్ళ కిందట గురజాల దగ్గర ఒక ఊళ్ళో వీళ్ళు, పెద్దమనుషుల ఫ్లెక్సీల మీద కట్టిన పాట పాడారు. (ఊరి పేరు రాయనని మాట ఇచ్చాను.) అప్పటి ప్రెసిడెంటు తననే అన్నారనుకున్నాడు. ఆయన మనుషులు వైర్లు కోశారు, డ్రమ్ము తోలు కత్తితో చీల్చారు, వీళ్ళను ఊరి పొలిమేర దాకా తరిమారు. అప్పటి నుంచి పిడుగురాళ్ళ దాటి వాయించలేదు.

“ఇప్పుడు అదే ఊరు పిలిచింది,” అన్నాడు నాగూర్. “మిరప తొడిమలు తీసే ఆడోళ్ళు పిలిచారు. పోకపోతే అక్కకు నిద్ర పట్టదు. పోతే గొంతు ఉండదు. ఏం జెయ్యమంటావు నువ్వే చెప్పు.”

 ఆ రాత్రి భాను ఇంట్లో పడుకున్నాను గాని, సరిగ్గా నిద్ర పట్టలేదు.

డాబా మీద పాఠం, నకరికల్లులో పచ్చడి

తెల్లారేసరికి ఒక సంగతి తట్టింది. నాకు అరవడం రాదు. కానీ అరిచేవాళ్ళను చిన్నప్పటి నుంచి చూశాను. మా గోదావరి రేవుల్లో పడవవాళ్ళు అవతలి ఒడ్డుకు వినపడేలా కేక వేస్తారు. రోజంతా వేస్తారు, ఏళ్ళ తరబడి వేస్తారు. ఒక్కడి గొంతూ బొంగురు పోగా నేను చూడలేదు. ఆ కేక గొంతులో పుట్టదు, పొట్టలో పుడుతుంది. గొంతు దానికి దారి మాత్రమే.

భానును డాబా మీదికి తీసుకెళ్ళాను. ముందు గోరువెచ్చని నీళ్ళు. తర్వాత నా చెయ్యి దాని బొడ్డు మీద పెట్టి, “ఇక్కణ్ణుంచి తొయ్యి. మెడ బిగించకు. నది అవతల నీ మనిషి ఉన్నాడు, వాడికి పడవ వెళ్ళిపోతోందని చెప్పాలి,” అన్నాను. “ఓ... య్!” అని నేనే ముందు వేసి చూపించాను. నా జీవితంలో అదే మొదటి కేక.

పక్క డాబా మీద వడియాలు పెడుతున్న పెద్దావిడ చేతిలో పిండి చేతిలోనే ఉంచుకుని, “ఏందమ్మా? ఎవరన్నా పోయారా?” అంది.

“లేదు అత్తా, మా టీచరుగారు పాఠం చెబుతున్నారు,” అంది భాను.

“ఇదేం పాఠమే!” అని ఆవిడ మళ్ళీ వడియాల్లో పడింది. పదోసారికి భాను కేక మెడనరం కదలకుండా వచ్చింది. ఇరవయ్యోసారికి వీధి చివర ఎవరో “ఓయ్” అని బదులిచ్చారు. ఆపమని చెప్పడానికి వచ్చినదాన్ని. చివరికి ఎలా అరవాలో నేర్పుతూ కూర్చున్నాను.

మధ్యాహ్నం ట్రాలీ ఆటోలో సామాను ఎక్కించి బయల్దేరాం. నకరికల్లులో భోజనానికి ఆగాం. నూట ఇరవైకి అన్నం అడిగినంత, పప్పు అడిగినంత. పండుమిరప పచ్చడి మాత్రం అడక్కుండానే వేస్తారు. మా వైపు పచ్చడిలో బెల్లం ముక్క లేకపోతే ఇంట్లో గొడవైపోతుంది. “కాస్త కారం తక్కువది ఉందా అండీ?” అని అడిగాను. వడ్డించే ఆయన నన్ను జాలిగా చూశాడు. “కారం తక్కువైతే ఇంక అది పచ్చడెట్టా అయిద్ది పెద్దమ్మా?” ధైర్యం చేసి ఒక ముద్ద తిన్నాను. కళ్ళ ముందు నకరికల్లు మసకేసింది. ఆయనే పరుగెత్తి మజ్జిగ చెంబు తెచ్చాడు, నేను తేరుకునేదాకా పక్కన నిలబడ్డాడు, దానికి డబ్బులు తీసుకోనన్నాడు. అక్కడి మంచితనం కూడా అక్కడి మాటలాంటిదే, ముందూ వెనకా ఏమీ ఉండదు. భానుకు మాత్రం పచ్చడి తిననివ్వలేదు. పెరుగన్నం తింటున్నంతసేపూ నన్ను గుర్రుగా చూసింది.

పిడుగురాళ్ళ దగ్గర సున్నపు బట్టీల తెల్లదుమ్ము మా అందరి జుట్టూ నెరిపించింది. అది దాటాక ఇళ్ళ ప్రహరీలన్నీ నిలబెట్టిన నాపరాళ్ళే. మా ఊళ్ళో కొబ్బరాకు దడి మీద నుంచి పొరుగింటి కూర గిన్నె అందుకోవచ్చు. ఇక్కడ రాయి గుండెల ఎత్తున ఉంటుంది. అయినా కూర గిన్నెలు మారుతూనే ఉన్నాయి, కాకపోతే మునివేళ్ళ మీద లేస్తున్నారు. రాత్రికి గురజాలలో కోటన్న మేనత్త ఇంట్లో పడుకున్నాం.

గురజాల దగ్గర, మిరప కళ్ళం

మూడో రోజు మధ్యాహ్నం మూడింటికి ఆ ఊరు చేరాం. ఎండ ఇంకా నెత్తి మీదే ఉంది. కళ్ళం నిండా ఎర్రటి కుప్పలు. తొడిమలు తీసే పని ఆ రోజుతో అయిపోయింది. యాభై మంది ఆడవాళ్ళు ముక్కులకు కొంగులు చుట్టుకుని కూర్చున్నారు. వాళ్ళకు పెద్ద మరియమ్మ, నల్లగా, పొట్టిగా, గట్టిగా ఉంది. నేను దగ్గుతుంటే నాకూ ఒక తువ్వాలు చుట్టింది.

“వీళ్ళను ఎందుకు పిలిచారమ్మా?” అని అడిగాను.

“ఆ రోజు పాట సగంలో ఆగిపోయింది. ఉన్న సగాన్నీ పనిలో పాడుకుంటానే ఉన్నాం రెండేళ్ళ బట్టి. మిగతాది ఏందో తెలియక కొట్టుకుంటన్నాం. విందామని పిలిచాం,” అంది.

అప్పుడే మాజీ ప్రెసిడెంటు వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, తెల్లటి పంచె, మెలిదిప్పిన మీసం. వెంట ఇద్దరు. ఎవరూ పిలవలేదట. ప్లాస్టిక్ కుర్చీ తెప్పించుకుని సరిగ్గా ముందు వరసలో వేసుకున్నాడు. ఆడవాళ్ళ మాటలు ఆగిపోయాయి. నాగూర్ తన వైర్లన్నీ ఒకసారి చూసుకున్నాడు.

భాను నా దగ్గరికి వచ్చింది.  ట్రాలీలో ఎండకు గిటారు తీగలన్నీ సడలిపోయాయి. శ్రుతి చూసుకునే ఫోనేమో వేడెక్కి ఆగిపోయింది.

“భానూ, ఆ పాట వదిలెయ్యి. వేరేవి ఉన్నాయిగా,” అన్నాను. నాకూ భయమే.

“శ్రుతి తప్పితే ఆపమని నేర్పారు టీచరుగారూ. భయమేస్తే ఆపమని నేర్పలా,” అంది. ఆ మాట వణికింది.

ఇంక నాకు చేతనైంది ఒకటే. “ఇటు తే. లావు తీగ షడ్జం అనుకుంటే, మిగతావి ఏవి?”

“మ, ని, గ, ప. మళ్ళీ స.”

నేను ఒక్కో స్వరం పలికాను, తను ఒక్కో మర తిప్పింది. శుద్ధ మధ్యమం. కైశికి నిషాదం. సాధారణ గాంధారం. పంచమం. ఆరు తీగలూ కలిశాక వరసగా మీటితే నాకు నవ్వొచ్చింది. “ఒసే, ఇది శుద్ధ ధన్యాసి కదే!”

“ఏడేళ్ళ నుంచీ మీ పాఠమే వాయిస్తన్నా. మీకు చెబితే తిడతారని చెప్పలా,” అని తనూ నవ్వింది. వణుకు తగ్గింది. కళ్ళం మధ్యలోకి వెళ్ళి నిలబడింది.

*ఫ్లెక్సీ మావా, ఫ్లెక్సీ మావా, నవ్వుతానే ఉంటివి*
*రోడ్డు మీద గుంట జూసి చెయ్యి ఊపుతుంటివి*

ఆడవాళ్ళు కొంగుల చాటున సన్నగా కలిశారు. క్రితంసారి ఈ రెండు పాదాల తర్వాతే వైర్లు తెగాయి. భాను ఊపిరి తీసుకుంది. పొట్ట నిండటం నాకు కనిపించింది. మిగిలిన చరణం రేవు కేకలాగా లేచింది.

*వాన పడ్డ రోజు నిన్ను కళ్ళం మీద కప్పితిమి*
*జన్మకు నువ్వు చేసిన మేలు అదొక్కటే మావా*

పాట ఆగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరి చూపూ ఆ కుర్చీ మీదే. ప్రెసిడెంటు పక్కనున్నవాడు లేచాడు. కోటన్న కర్రలు కింద పెట్టి డ్రమ్ముల ముందుకొచ్చి నిలబడ్డాడు.

ఇంతసేపూ నాగూర్ స్పీకర్ల అదురుకు కుప్పల్లోంచి కారపు దుమ్ము లేస్తూనే ఉంది. అది సరిగ్గా అప్పుడే ముందు వరసకు చేరింది. ప్రెసిడెంటు గట్టిగా తుమ్మాడు. ఒకటి కాదు, వరసగా ఏడు. లేచినవాడు తుమ్మాడు. కోటన్న తుమ్మాడు. కళ్ళమంతా తుమ్ములే.

“నూరేళ్ళు మావా!” అని వెనక నుంచి మరియమ్మ అరిచింది. ముందు ఒక్క నవ్వు, తర్వాత యాభై నవ్వులు. ప్రెసిడెంటు కళ్ళు తుడుచుకుంటూ లేచాడు.

“ఏమ్మాయ్,” అన్నాడు భానుతో, “నేనెప్పుడూ ఫ్లెక్సీలో నవ్వలా. మీసం మీద చెయ్యేశా. ఊళ్ళో ఎవర్నన్నా అడుగు. తప్పు రాశావు.”

“అయితే ఆ పాట మీది కాదేమో పెద్దయ్యా,” అంది భాను.

 ఆయన గొంతు తగ్గించి, “ఆ రోజు వైర్లు కోసింది మావోళ్ళే. నేను కొయ్యమన్లా. వద్దని కూడా అన్లా. చూస్తా కూచున్నా,” అన్నాడు. భాను వైపు కాకుండా డ్రమ్ముల వైపు చూస్తూ అన్నాడు.

కోటన్న తడుముకోలేదు. “ఆ తోలు నాలుగు రోజులు కుట్టుకున్నా పెద్దయ్యా. మీరు ఇయ్యాల వచ్చి విన్నారు. అది చాలు. కూచోండి, ఇంకా తొమ్మిది పాటలున్నయ్.”

లేచినవాడు కూడా కూచున్నాడు. ప్రెసిడెంటు తొమ్మిదీ విన్నాడు. చివర్లో మరియమ్మ బృందం ఫ్లెక్సీ పాట మొత్తం వాళ్ళే పాడారు, భాను ఊరికే గిటారు వాయించింది. మధ్యలో ఒక చరణం వాళ్ళ సొంతం. అందులో ఆయన పేరే ఉంది, మీసంతో సహా. ఆయన చెయ్యి ఆపుకోలేక మీసం మీదికి పోయింది.

మాచర్ల

నాలుగో రోజు రెంటచింతల మీదుగా, ఒప్పుకున్న రెండోచోటు మాచర్లకు వెళ్ళాం. రెంటచింతల ఎండ గురించి కథలు చెబుతారు. అన్నీ నిజమే. నిమ్మసోడా ఇరవై రూపాయలు, మూడు తాగాను.

కల్యాణ మండపంలో సాయంత్రం ఎనభై మంది వచ్చారు. డిగ్రీ పిల్లలు, మెకానిక్కులు, కూతురితో వచ్చిన ఒక కానిస్టేబులు. నేను ముందు వరసలో, చెవుల్లో దూది లేకుండా, నోట్సు పుస్తకంతో కూర్చున్నాను. ప్రతి పాటకూ ఊపిరి ఎక్కడ తప్పిందో రాసుకున్నాను. మొదటి మూడు పాటలకూ మెడ బిగించింది. నేను బొడ్డు మీద చెయ్యి పెట్టుకుని చూపించాను. నాలుగో పాట నుంచి సర్దుకుంది. ఆఖరి పాటకు మధ్యలో గిటారు ఆపి, ఒట్టి కేక వేసింది, “ఓ... య్!” ఎనభై మందీ బదులిచ్చారు. ఆ కేకలో చీలిక లేదు. నా పుస్తకంలో ఆ పేజీ ఖాళీగానే ఉంది.

తర్వాత మండపం వెనక గదిలో ఆవిరి పట్టించాను. “ఇప్పటి నుంచి రేపు మధ్యాహ్నం పన్నెండు దాకా ఒక్క మాట మాట్లాడావంటే చెవి మెలేస్తాను,” అన్నాను. తల ఊపింది.

తిరుగు రైలు

పొద్దున్న మాచర్ల స్టేషనుకు ముగ్గురూ వచ్చారు. మరియమ్మ పంపిన ఎండుమిరప సంచి కోటన్న భుజం మీద ఉంది. “మీ ఊళ్ళో బెల్లమేసి పాడు చెయ్యబాకమ్మా,” అని నా కాళ్ళ దగ్గర పెట్టాడు. రైలు కదిలింది. భాను మౌనంగా చెయ్యి ఊపింది. రెండు ఊళ్ళను కదిలించిన పిల్ల, వీడ్కోలు కూడా చెప్పకుండా నిలబడింది. నాకు కళ్ళు చెమర్చాయి. ఎదుటి సీటావిడ సంచి వైపు చూసి, “మిరప్పళ్ళ ఘాటా?” అంది. ఔనన్నాను.

సత్తెనపల్లి దాటాక ఫోను మోగింది.

“పన్నెండయింది టీచరుగారూ.”

జీర ఇంకా ఉంది. కానీ దాని కింద నేనెరిగిన గొంతు ఉంది, పధ్నాలుగేళ్ళ పిల్లగా వెళ్ళిపోయినప్పటిది.

“సోమవారం డాక్టరు దగ్గరికి పోతన్నా. నెలరోజులు నోరు తెరవను. తర్వాత మెల్లిగా మొదలుపెట్టొచ్చు అన్నారు. జూన్‌లో మీ దగ్గరికొచ్చి ఉండనా? మొదట్నుంచి నేర్చుకుంటా.”

“రావే. సరళీ వరసల నుంచి.”

“కోటన్న, నాగూర్ కూడా వస్తామంటన్నారు.”

“వాళ్ళెందుకే?”

“మీ కోనసీమలో కూడా పాట కట్టాల్సిన పెద్దమనుషులు ఉండే ఉంటారు గదా, అడుగు అంటన్నారు.”

 మా ఊరు మెత్తనిది, మాట మెత్తనిది, ఎవరినీ పల్లెత్తు మాట అనం. అలా అనకుండా వదిలేసినవాళ్ళు ఒక్కొక్కరే గుర్తుకొచ్చారు. వేళ్ళ మీద లెక్కేస్తే నలుగురు తేలారు.

“రమ్మను,” అన్నాను. “పేర్లు నేను చెబుతాను.”